మెత్తమ్మ వేసిన మెట్టు

అప్పటికే మెత్తమ్మ సగం బండి కింద, సగం బయట ఉంది. జిగురు మరకలు పడిన పాత గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, పళ్ల మధ్య సుద్దముక్క పట్టుకుని, వెనక తలుపు కింద కొత్తగా బిగించిన ఇనుప మెట్టును రెండు చేతులా పట్టి ఊపి చూస్తోంది. మెట్టు ఇసుమంతైనా కదల్లేదు. పక్క షెడ్డు వెల్డింగు మేస్త్రి అతుకు బాగా వేశాడు. ఆ మాట అతనితో అనకూడదనుకుంది. అన్నదంటే ఇక అతని కాళ్లు నేలమీద ఆనవు.

పాక్కుంటూ బయటికి వచ్చి, టైరు మీద చెయ్యి ఆనించి లేచింది. ఎడమ భుజం లాగింది. పొద్దుటి నుంచీ లాగుతూనే ఉంది. కుట్టుపని చేసేవాళ్లకు భుజం లాగకపోతే ఆశ్చర్యపోవాలి గానీ లాగితే ఏముంది అనుకుని, బట్టలకంటిన దుమ్ము దులుపుకుంది.

పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. సూది తోసీ తోసీ కుడిచేతి నడిమి వేలి కొస కాయకాచి, గోరు ఒక పక్కకు ఒరిగిపోయింది. రవిక ఎడమ చేతి మడతకు ఎప్పుడూ రెండు మూడు సూదులు గుచ్చి ఉంటాయి. బండ్ల సీట్లకు కుషన్లు వేస్తుంది కాబట్టి వీధి ఆమెకు మెత్తమ్మ అని పేరు పెట్టింది. నిజానికి మెత్తదనం ఆమె నోట్లోనూ లేదు, ఆమె వేసే కుషన్లోనూ లేదు. మెత్తగా ఉన్నదల్లా సుఖమైతే బురదలో కూర్చోవచ్చుగా అంటుంది.

మెత్తటి స్పాంజి వేసి చూడముచ్చటగా తొడుగులు తొడిగింది ఆమె మొగుడు. ఆయన వేసిన సీట్లు వానాకాలం దాటేలోపు కుంగిపోయేవి. మనిషి మంచివాడు, అందుకే తిట్టడానికి వచ్చినవాళ్లు కూడా టీ తాగి వెళ్లేవాళ్లు. ఆయన పోయాక, అంతవరకూ మధ్యాహ్నం క్యారేజీ తేవడానికి మాత్రమే దుకాణానికి వచ్చే మెత్తమ్మ మిషను ముందు కూర్చుంది. చిరిగిన బస్సు సీట్లతో మొదలుపెట్టి, లారీలు చూసి, ఇప్పుడీ ఏనుగుల్లాంటి బండ్ల దాకా వచ్చింది. కొడుకేమో జిగురు వాసన పడక మందుల కంపెనీలో చేరాడు. క్యారేజీ పట్టుకుని కోడలు రావడం మొదలైంది. ఒకరోజు ఊరికే చూద్దామని మిషను ముందు కూర్చున్న ఆ పిల్ల మళ్లీ లేవలేదు. "అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు. ఇక్కడ అత్తాకోడళ్లు ఒకే మిషను మీద కాపురం పెట్టారు" అని వెల్డింగు మేస్త్రి వచ్చిన ప్రతివాడికీ చెబుతుంటాడు.

ఈ బండి ఒక టైల్స్ కాంట్రాక్టరుది. సగం జీవితం మోకాళ్ల మీద కూర్చుని నేలకు పలకలు అతికిస్తూ గడిపినవాడు. అందుకే చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే, ఆ చుట్టుపక్కల ఎవరికీ లేనంత ఎత్తైన బండి కొన్నాడు. దాన్ని బాగుచేయించుకోవడానికి వచ్చిన రోజు, ముద్దుల కొడుకు మీద తల్లి చాడీలు చెప్పినట్టు గంటసేపు చెప్పుకున్నాడు. చివరి వరసకు చల్లగాలి అందట్లేదన్నాడు. ఆ సీటు మడవాలంటే కుస్తీ పట్టాలన్నాడు. మలుపులో ముందద్దం పక్కనున్న కమ్మీ అడ్డొచ్చి ఎదురుగా వచ్చేవాళ్లు కనబడట్లేదన్నాడు. నీళ్ల సీసా పెట్టుకునే గుంటలో తన సీసా పట్టదట. కాళ్ల దగ్గర నీలం దీపాలు, సీట్ల వెనక బొమ్మలు చూసే తెరలు, మోచెయ్యి ఆనించుకునే దిండు కావాలన్నాడు. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా పిన్నిగారూ అని నవ్వాడు.

మెత్తమ్మ అన్నీ విని, ప్రతి యజమానినీ అడిగే ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఈ బండి ఎక్కనివాళ్లు మీ ఇంట్లో ఎవరు బాబూ?"

కాంట్రాక్టరు నవ్వు ఆగిపోయింది. వాళ్లమ్మ ఎక్కదు. బండి ఇంటికొచ్చిన రోజున మోకాళ్ల నొప్పులని ఆమెను రెండు చేతులా ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. వీధంతా చూసింది, భార్య ఫోటో తీసింది. ముచ్చటపడి చేసిన పనే. ఆ రోజు నుంచి ఆవిడ బండి ఛాయలకు రాలేదు. ఇప్పుడు పక్క ఊళ్లో ఆవిడ చెల్లెలికి కళ్ల ఆపరేషను అయింది. కట్టు విప్పగానే మొదట అక్క మొహమే చూస్తానని చెల్లెలు కబురు పెట్టింది. పెద్దావిడ మాత్రం, ఎక్కగలిగితే వస్తాను, మోసుకెళ్తే రానని తేల్చేసింది. ఆ కట్టు విప్పే రోజు దగ్గరపడుతోంది.

దీపాలూ తెరలూ తరవాత చూద్దామని, మెత్తమ్మ ముందు మెట్టు పని పట్టుకుంది. పెద్దావిడను దుకాణానికి రప్పించి, ఎంత ఎత్తు ఎక్కగలరో ఈ పీట మీద కాలు పెట్టి చూపించమంది. ఆవిడ దేన్నీ పట్టుకోకుండా, గడ్డం పైకెత్తి, టక్కున కాలు పెట్టేసింది. ఆ ఎత్తుకే సుద్దతో గీత గీసి మెట్టు చేయించింది.

ఇవాళ పొద్దున్న దాన్ని ఎక్కి చూడాలి, చెల్లెలి కట్టు విప్పేది రేపే. షెడ్లలో పని ఆపి నలుగురు చేరారు. పెద్దావిడ ఉతికిన తెల్లబట్టల్లో బండి దగ్గరికి నడిచి వచ్చింది. ఎండుపుల్లలా సన్నటి మనిషే గానీ వీపు నిటారుగా ఉంది. కుడికాలు మెట్టు మీద పెట్టింది. కాలు పడింది గానీ ఒళ్లు లేవలేదు. పైనున్న పిడిని అందుకోబోతే చెయ్యి చాలలేదు. అలాగే, ఒక కాలు పైన, ఒక కాలు నేల మీద ఉండిపోయింది. కొడుకు పరిగెత్తుకొచ్చి చేతులు చాచాడు.

"చెయ్యి వెయ్యకు బాబూ. పక్కకి జరుగు" అంది మెత్తమ్మ.

పెద్దావిడ నెమ్మదిగా కాలు దించుకుంది. తలుపు ఎలా ఉందో చూడ్డానికే వచ్చినట్టు దాన్ని ఒకసారి తడిమి, మెట్టు బాగానే ఉందని చెప్పి, దుకాణంలోకి వెళ్లి కుర్చీలో కూర్చుంది. చేరినవాళ్లు ఎవరి షెడ్డుకు వాళ్లు పోయారు.

తప్పు ఎక్కడ జరిగిందో మెత్తమ్మకు అప్పుడే తెలిసింది. అడిగి కొలత తీసుకుంది. పరువుగల మనిషిని నీకెంత చేతనవునని అడిగితే, చేతనైన దానికి మరో జానెడు కలిపే చెబుతుంది. ఎవరిదాకానో ఎందుకు? మొన్న డాక్టరు మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అంటే, మేకపిల్లలా ఎక్కేస్తున్నానని తనూ చెప్పి వచ్చింది. వేసుకోమని ఇచ్చిన మాత్రలు సుద్దముక్కల డబ్బాలో అలాగే ఉన్నాయి.

కాంట్రాక్టరును భోజనానికి పంపేసింది. కోడల్ని వెనక్కి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ కలిసి గట్టి స్పాంజి పలకలు దించి, సర్దుతున్నట్టు నటిస్తూ నేలమీద పరిచారు. ఒకచోట ఒక్క పలక, ఇంకొంచెం దూరంలో రెండు ఒకదాని మీద ఒకటి, బట్టల తానులున్న అల్మారా ముందు మూడు. అప్పుడు మెత్తమ్మ, సీట్లకు రంగు మీరే ఎంచాలి అక్కగారూ, మీ అబ్బాయికి రంగుల సంగతి తెలిసినట్టు లేదు అంది. పెద్దావిడ లేచి వచ్చింది. ఒక్క పలకను చూసుకోకుండానే ఎక్కి దిగింది. రెండు పలకలను గోడ పట్టుకుని ఎక్కింది. మూడింటి ముందు ఆగి, పక్కనుంచి చుట్టి వెళ్లింది. తానుల్లోంచి ఇటుకరంగు లాగి, ఇది మాపుకు ఆగుతుందని చెప్పింది.

మెత్తమ్మ చూపంతా ఆవిడ పాదాల మీదే ఉంది. కోడలు పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "చెయ్యి ఎక్కడ పెట్టిందో చూశారా అత్తయ్యా? నడుము ఎత్తులో పెట్టింది. బండిలో పిడేమో నెత్తిమీద ఉంది" అంది.

మెత్తమ్మ చూడలేదు. ఇన్నేళ్లుగా ఎంతమందిని ఎక్కించిందో, దించిందో, ఆ చెయ్యి సంగతి తనకు తట్టలేదు. కోడలి మొహంకేసి ఒక్క క్షణం చూసింది. లోపల ఏదో పొంగింది. పైకి మాత్రం, "చూస్తూ నిలబడితే పిడి దానంతటదే రాదు. తోలు తియ్యి" అంది.

ఇక మధ్యాహ్నమంతా పని. వెల్డింగు మేస్త్రి గొణుక్కుంటూ పొద్దున వేసిన మెట్టు కోసి, దాన్ని రెండు మెట్లు చేశాడు. తలుపు తీసి లాగితే దిగుతాయి, తోస్తే బండి కిందికి మడిచిపోతాయి. మోకాళ్లకూ పిడికీ ముడిపెట్టిన అత్తాకోడళ్లను ఇక్కడే చూస్తున్నానన్నాడు. కోడలు మందపాటి తోలు రెండు మడతలు వేసి, అరచేతికి ఒరుసుకోకుండా అంచు లోపలికి తిప్పి, తలుపు పక్క కమ్మీకి వేలాడే పట్టీ కుట్టింది. మెత్తమ్మ సాయానికి వెళ్లబోయి, స్పాంజి చుట్ట మీద కూలబడింది. నుదురంతా చెమట. కోడలు మంచినీళ్లు తెచ్చి, ఇంటికి వెళ్లి పడుకోమంది. నా కొలత తప్పు, దిద్దకుండా ఇంటికి పోతే అన్నం ఎలా దిగుతుందని మెత్తమ్మ కసిరింది. ఆమె దుకాణంలోంచి ఇబ్బంది పడుతూ వెళ్లిన మనిషి ఇంతవరకూ లేదు. ఆ మాట నలుగురి ముందూ గొప్పగా చెప్పుకుంటుంది, చెప్పుకునే హక్కు కూడా ఉంది.

ఎండ వాలాక బండి మళ్లీ వీధిలోకి వచ్చింది. ఈసారి ఎవర్నీ పిలవలేదు, అయినా అందరూ వచ్చారు. పెద్దావిడ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. చెయ్యి దానంతటదే పట్టీ మీదికి వెళ్లింది. రెండో మెట్టు. నడుము కాస్త వంచి, సీటు మీద కూర్చుని, బట్టలు సర్దుకుంది. అంతే. ఇంత చిన్న పనికి వీధంతా ఊపిరి బిగపట్టిందా అనిపించింది. కాంట్రాక్టరు అటు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

"రోజూ ఇంత ఎత్తున కూర్చుంటున్నావట్రా? అందుకే కిందవాళ్లు ఎవరూ కనబడరు నీకు" అంది తల్లి పైనుంచి. కొడుకు నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూనే.

మెత్తమ్మకు గర్వంతో ఒళ్లు తేలికైంది. పని అయ్యాక ఏ బండినైనా ఊరి చివరి దాకా నడిపించి, తను చివరి వరసలో కూర్చుని చూడటం ఆమెకు అలవాటు. చివరివాడికి బాగుంటే ముందువాళ్ల గురించి బెంగపెట్టుకోనక్కర్లేదంటుంది. కోడల్ని దుకాణం సర్దమని చెప్పి, ఎక్కి కూర్చుంది.

గతుకుల దగ్గర కాంట్రాక్టరు నెమ్మదించాడు. మెట్లు చప్పుడు చెయ్యలేదు. మెత్తమ్మ ఎదురుగా, పెద్దావిడ కూర్చున్న సీటు వెనక, కంపెనీవాళ్ల కుట్టు ఒకచోట విడిపోయి కనబడింది. చూశాక ఊరుకోవడం ఆమెకు చేతకాదు. రవిక చేతి మడతలోంచి దారమున్న సూది తీసి, బండి కుదుపుల మధ్యే కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూ ముందుకు వంగింది.

"మీరు పట్టుకున్న పట్టీ నా కోడలు కుట్టింది అక్కగారూ. ఆ కుట్టు నా చేతికి రాదు. ఇవాళ నాకు కనబడనిది దానికి కనబడింది. దుకాణం ఇక దానిదే."

"ఆ మాట ఆ పిల్లతో ఎప్పుడైనా అన్నారా?"

"అంటే నెత్తికెక్కుతుంది."

"అయితే నేను చెప్తాలెండి."

"చెప్పండి. నేనన్నానని మాత్రం చెప్పకండి" అంది మెత్తమ్మ. పెద్దావిడ పకపకా నవ్వింది. స్పాంజి పలకలు నేలమీద ఎందుకు పరిచారో తనకు తెలియకపోలేదని కూడా చెప్పింది. మెత్తమ్మ కూడా నవ్వి, వెనక్కి వాలింది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఒళ్లో పడుతోంది. సీటు గట్టిగా, వీపుకు సరిగ్గా ఆనింది.

"వెనక్కి గాలి అందట్లేదు బాబూ, నువ్వు చెప్పింది నిజమే. దీని సంగతి కూడా చూద్దాం" అంది కాసేపటికి. కాంట్రాక్టరు సరే పిన్నిగారూ అన్నాడు.

బండి దుకాణం ముందు ఆగింది. పెద్దావిడ పట్టీ పట్టుకుని తనంతట తాను దిగి, ఎలా దిగానో చూశారా అని వెనక్కి తిరిగి అడిగింది. జవాబు రాలేదు. కోడలు వచ్చి లోపలికి తొంగి చూసింది. మెత్తమ్మ తల కిటికీ అద్దానికి ఆనించి ఉంది, కళ్లు సగం మూసుకుని ఉన్నాయి, మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అదే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు.

మర్నాడు పొద్దున, చెల్లెలి ఊరికి వెళ్లే ముందు, పెద్దావిడ బండిని మెత్తమ్మ ఇంటి వైపు తిప్పించింది. వాకిట్లో జనం ఉన్నారు. కొడుకు చెయ్యి ఇవ్వబోతే వద్దని, వాళ్లందరి ముందూ మెట్లు దిగి లోపలికి వెళ్లి, కోడలి పక్కన కూర్చుంది. మీ అత్తగారు తనన్నట్టు చెప్పొద్దంది, అయినా చెబుతున్నానని మొదలుపెట్టి, ఒక్క ముక్క పోకుండా అప్పగించింది. రాత్రి నుంచీ రాయిలా కూర్చున్న ఆ పిల్ల అప్పుడు భోరుమంది. ఏడుస్తూనే, ఒక్క కుట్టు వేసి చూపించినా బాగుందని అనేది కాదండీ అంది. పెద్దావిడ ఆ పిల్ల తల నిమిరి, "ఇప్పుడందిగా తల్లీ" అంది.

కోడలు బండి దాకా వచ్చి సాగనంపింది. పెద్దావిడ మెట్టు మీద కాలు పెట్టి, పట్టీ పట్టుకుని ఎక్కింది. అక్కడ చెల్లెలు కట్టు విప్పించుకోకుండా ఎదురుచూస్తోంది. తలుపు వెయ్యబోతూ కోడలు లోపలికి చూసింది. సీటు వెనక విడిపోయిన కుట్టు మూడు వంతులు మూసుకుపోయింది. మిగిలిన చోట, ఇంకో నాలుగు కుట్లకు సరిపడా దారంతో, సూది గుచ్చి ఉంది.