మొక్కు గడ్డం

డ్రోను కళ్లం మీదికి వెళ్లి రెండు నిమిషాలు కాలేదు, కింద కేకలు మొదలయ్యాయి.

"ఒరేయ్, ఎవుర్రా అది తిప్పేది? దించండ్రా ముందు!"

హయాత్ తలెత్తలేదు. బొటనవేళ్లు రెండూ రిమోట్ మీద, చూపంతా దానికి బిగించిన ఫోను మీద. ఫోనులో తూర్పుపాలెం మిరప కళ్లం కనిపిస్తోంది. అరెకరం మేర పట్టాల మీద ఆరబోసిన కాయలు ఎర్రగా మండిపోతున్నాయి. ఆ ఎరుపు అంచున ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. భార్య రహిమున్నీసా చూపించమన్నది సరిగ్గా ఈ చోటే.

పర్చూరులో మోటార్లకు వైండింగ్ చేసుకునే హయాత్‌కు యాభై రెండేళ్లొచ్చినా తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చల్లా ఈ డ్రోనే. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ ప్రేమ్‌చంద్ కొత్తది తెచ్చుకుని పాతది ఇతనికిచ్చాడు. శుక్రవారం షాపుకు సెలవు. పొద్దున్నే స్కూటర్ మీద పెట్టుకుని ఎక్కడో ఒకచోటికి పోయి ఎగరేస్తాడు. చీమకుర్తి క్వారీ గుంటలు తీశాడు, వాడరేవులో ఎండుచేపలు తీశాడు. అవన్నీ చూసి చూసి ఒకరోజు భార్య నోరు తెరిచి అడిగింది. "మా ఊరి కళ్లం తీసుకురారాదూ? మా అమ్మ పక్కన కూర్చుని నేను తాలు ఏరింది అక్కడే."

ఆమె తండ్రి బుడే ఆ ఊళ్లో దూదేకి పరుపులు కుట్టేవాడు. స్పాంజి పరుపులొచ్చాక పని పోయింది. ఊరొదిలేనాటికి రహిమున్నీసాకు పద్నాలుగేళ్లు. ఇప్పుడక్కడ ఇల్లూ లేదు, చుట్టాలూ లేరు. ఎవరింటికని పోతుంది? ముప్పై ఆరేళ్లుగా ఆ మట్టి తొక్కలేదు. ఇవాళ హయాత్ స్కూటర్ తీస్తుంటే మోకాళ్లు పట్టుకుంటూనే వాకిట్లోకి వచ్చింది.

"ఎవరన్నా అడ్డమొస్తే బుడే అల్లుణ్ణని చెప్పండి. మమ్మల్ని ఇంకా ఎవరన్నా అడుగుతారేమో చూడండి."

ఇప్పుడు అడ్డమొచ్చారు. నలుగురు కాస్తా చూస్తుండగానే పదిహేను మందయ్యారు. ముందున్నవాడు రామాంజనేయులు. కళ్లం అతనిదే. చేతిలో కాయలు తిరగబోసే కర్ర ఉంది.

"ఎవురు పంపిచ్చారయ్యా నిన్ను? మొన్న కొలతలని ఇట్టాంటిదే తిప్పారు. నా చేలో ఏడు సెంట్లు మాయం!"

"కొలతలూ లేదు పాడూ లేదు బాబాయ్," అన్నాడు వెనక ఒకడు. "యాడ ఎన్ని బస్తాలున్నయ్యో పగలు చూసుకుపోతారు, చీకటి పడ్డాక ఆటో పెడతారు. పక్కూళ్లో అట్టానే పోయినయ్యి."

"ఆడోళ్లను తీస్తన్నాడేమో! ఫోను లాక్కోండ్రా!"

ఫోను లాక్కుంటే డ్రోను ఎక్కడో పోయి కూలుతుంది. పాత బ్యాటరీ, అప్పుడే ఇరవై ఎనిమిది శాతానికి పడిపోయింది. రిమోట్ కీచుకీచుమంటోంది.

"దించుతానండి, కాస్త జాగా ఇవ్వండి. కాయల మీద దిగితే ఆ గాలికి మీ కాయలే లేచిపోతాయి."

"ముందు పేరు చెప్పు. ఆధార్ కార్డు తియ్. ఆ గడ్డమేంది?"

హయాత్ నోరు తెరిచాడు. బుడే అల్లుణ్ణి అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది.

"హనుమంతరావు!"

అన్నది అతను కాదు. జానకిరామయ్య మేష్టారు. రోజూ హయాత్ షాపు ముందు బల్ల మీద కూర్చుని పేపరు చదివే రిటైర్డ్ తెలుగు మేష్టారు. సరదాకి స్కూటర్ వెనకెక్కి వచ్చాడు. చెట్టు నీడలోంచి పంచె ఎగ్గట్టుకుని వచ్చేశాడు.

"పెద్దమనిషిని అట్లా చుట్టుముడతారేమయ్యా? ఈయన హనుమంతరావు. పర్చూరులో మోటార్ల మెకానిక్కు. ముప్పై ఏళ్లు పంతులుగా చేసినవాణ్ణి, నా మాట నమ్మరూ? అది మొక్కు గడ్డం. వచ్చేవారం తిరుపతిలో ఇచ్చేస్తాడు."

రామాంజనేయులు మొహం ఎండలోంచి నీడలోకి వచ్చినట్టయింది. కర్ర కిందికి దించాడు.

"హనుమంతరావా? నా పేరు రామాంజనేయులండీ! ఇద్దరం ఒక సామి పేరోళ్లమే. జరగండ్రా, దిగనియ్యండి!"

డ్రోను స్కూటర్ పక్కన మట్టిలో దిగింది. హయాత్‌కు భయం ఇంకా తగ్గలేదు. డ్రోను కోసమే అనుకున్నాడు.

ఆ తర్వాత అంతా మర్యాదే. నులకమంచం వాల్చారు, టీ తెప్పించారు, ఫోను నంబరు తీసుకున్నారు.

"మొక్కు దేనికండీ రావుగారూ?"

"వాళ్లావిడకు మోకాళ్ల నొప్పులు," హయాత్‌కంటే ముందే మేష్టారు అందుకున్నాడు.

"తగ్గుతయ్యి లెండి. ఏడుకొండలోడు చూసుకుంటాడు."

"ఆఁ," అన్నాడు హయాత్. ఆ పేరుతో అతను పలికిన మొదటి మాట అది.

రామాంజనేయులుకు హుషారొచ్చింది. తన కళ్లం ఇంకోసారి తీసి వాట్సప్‌లో పంపాలన్నాడు. హయాత్ రెండో బ్యాటరీ వేసి ఎగరేశాడు. ఇందాక ఫోను లాక్కోబోయినవాళ్లే ఇప్పుడు అతని భుజాల మీదుగా అందులోకి తొంగిచూస్తున్నారు.

తాలు ఏరేవాళ్లలోంచి ఒక ముసలామె పిలిచింది. ఎండకు తల మీదుగా కొంగు చుట్టుకుని, చెవి పక్కన ముడేసుకుంది.

"పర్చూరా అయ్యా మీది?"

"అవునమ్మా."

"మా బుడే మావోళ్లు ఆ పక్కకే పోయారంట. దూదేకే బుడే. నా పెళ్లికి పరుపు ఆయనే కుట్టాడు. పత్తి తీయను పోయి కొంగున దాచుకొచ్చిన పత్తి, అంతా ఏకి పూవులాగా చేశాడు. నలుగుర్ని దాని మీదే కన్నా."

ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. "ఎలీసమ్మా! పంతులుగారి ముందర ఏం మాటలే అయ్యి?"

"ఉన్నమాటేగా! ఆయనకో పిల్ల ఉండేది, రైమున్ని. నా పక్కనే కూర్చుని ఏరేది. కళ్లు మండితే నా కొంగే పట్టుకుని తుడుచుకునేది. ఉందో, పోయిందో. మీకేవన్నా ఎరుకా అయ్యా?"

హయాత్ మేష్టారి వైపు చూశాడు. మేష్టారు టీ గ్లాసులోకి చూసుకుంటున్నాడు.

నేనే ఆమె మొగుణ్ణి. అంతే, ఒక్క మాట. చెబితే ఎలీసమ్మ ఏం చేస్తుందో హయాత్‌కు తెలుసు. మిగతావాళ్లు ఏం చేస్తారో తెలియదు. మరి పేరెందుకు మార్చావంటే? దొంగపేరు పెట్టుకుని కళ్లాల మీద డ్రోను తిప్పే సాయిబు. ఆ మాట ముందు ఎవరి నోట వస్తుందా అని ఒక్కొక్క మొహమే చూశాడు.

అప్పుడే ఫోను మోగింది. ఎర్రటి కళ్లం బొమ్మ మీద పెద్ద అక్షరాలతో పేరు పడింది.

"రహి... మున్నీసా," కూడబలుక్కుని చదివాడు రామాంజనేయులు. "ఎవరండీ?"

హయాత్ కట్ చేశాడు.

"ఎవరో పార్టీ అండి. మోటారు వైండింగ్‌కి ఇచ్చారు. ఒకటే ఫోన్లు."

"ఎవురంటా?" అంత దూరం వినపడక ఎలీసమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఎవురో సాయిబులామె లే! మోటారు కోసం!"

"పర్చూరు పెద్దూరమ్మా," అన్నాడు హయాత్. "నాకు తెలీదు."

ఎలీసమ్మ మళ్లీ కాయల్లోకి వంగింది.

తిరిగి వచ్చేటప్పుడు మేష్టారు మంచి ఉత్సాహంగా ఉన్నాడు. "సమయానికి తోచింది కాబట్టి సరిపోయిందోయ్. లేకపోతే నీ డ్రోను పచ్చడయ్యేది."

"బుడే అల్లుణ్ణని చెబుదామనుకున్నా మేష్టారూ."

"చెబితే? అక్కడ బుడేని ఎరిగింది ఒక్క ముసలామె. మిగతావాళ్లకు కనపడేది నీ గడ్డమేగా!"

కాదని గట్టిగా అనాలనుకున్నాడు హయాత్. కానీ మేష్టారన్నది నిజమే. మేష్టారి మీద కోపమంతా అందుకే.

"కాస్త తొందరగా పోనీవోయ్," వెనకనుంచి ప్రేమగా అన్నాడు మేష్టారు. "నీ నమాజుకు వేళవుతోంది."

ఇంటికి రాగానే రహిమున్నీసా ఫోను అందుకుంది. ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని, ఇంకో చేతి వేళ్లతో బొమ్మను సాగదీసి సాగదీసి చూసింది.

"ఇదిగో, ఈ కొంగు ముడి! చెవి పక్కన ముడేసేది ఎలీసమ్మ వదినే. బతికే ఉందీ! ఆమె పేరు గుర్తొచ్చే ఇందాక ఫోను చేశా. కట్ చేశారేం?"

"గాల్లో ఉంది అప్పుడు."

"నన్ను అడిగిందా?"

"నేనెవరో ఆమెకేం తెలుసు!" విసురుగా అన్నాడు.

"మా నాయన పేరు చెప్పలేదా?"

హయాత్ మొహం కడుక్కునే వంకతో పంపు తిప్పాడు. ఫోను టింగుమంది. కళ్లం బొమ్మ మీద ఏదో మెసేజ్ వచ్చి పడింది. ఒక్కో అక్షరం పట్టి చదువుకుంది రహిమున్నీసా.

"ఎవరో హనుమంతరావుగారికి పెట్టబోయి మీకు పెట్టినట్టున్నారండీ," అంది మోకాలు రుద్దుకుంటూ. "వాళ్లావిడకూ మోకాళ్ల నొప్పులంట, పాపం."