సాక్షి సంతకం

ఆ ఆసుపత్రి లాండ్రీలో ఆమెని అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. పదహారేళ్ళుగా అక్కడే పని. వార్డుల నుంచి బండ్ల మీద వచ్చే మాసిన దుప్పట్లు విప్పి, నెత్తురు మరకలున్నవి ఒక పక్కకీ మిగతావి ఇంకో పక్కకీ వేసి మెషీన్లకి అందించాలి. రెండేళ్ళ కిందట తన తోడికోడల్ని కూడా అక్కడే పనిలో పెట్టించింది. తోడికోడలికి ఐదు నెలల పాప. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా తన కాలు తొక్కినా తనే సారీ చెప్పే రకం.

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆ అమ్మాయి ఒక దుప్పటి విప్పబోయి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. మడతలో ఇంజెక్షన్ సూది ఉంది. చూపుడువేలి కొసన నెత్తురు బొట్టు. పెద్దక్క ఆమెని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి సబ్బుతో కడిగి, అట్నుంచి అటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఈ సూది ఏ రోగికి గుచ్చినదో తెలీదు కదా. తెలీనప్పుడు ఆ రోగికి హెచ్‌ఐవీ లాంటి జబ్బు ఉందనే అనుకోవాలి," అన్నాడు డాక్టరు. "ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు వేసుకోవాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. మూడు రోజులు దాటితే వేసుకున్నా దండగ. పరీక్షలన్నీ తేలేదాకా పాపకి నీ పాలు పట్టకు."

తోడికోడలు తల ఊపింది. పాలు వద్దన్న మాటకే ఆమె కళ్ళు నిండాయి, మిగతాది విన్నదో లేదో.

ఆ మాత్రలు బయట షాపుల్లో దొరకవు. ఆసుపత్రి మందుల గదిలో ఇవ్వాలంటే, పనివాళ్ళకి దెబ్బ తగిలినట్టు వాళ్ళ విభాగం నుంచి ఫారం రావాలి. ఇద్దరూ లాండ్రీ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళారు. ఆయన వాళ్ళ చర్చిలో సంఘపెద్ద కూడా. వారానికి ఆరు రోజులు సార్, ఏడో రోజు బ్రదర్. మనవాడే కదా, నిమిషంలో పనైపోతుందనుకుంది పెద్దక్క.

నిజంగానే నిమిషంలో రాసేశాడు. "ఇక్కడ ఆ అమ్మాయి సంతకం. ఇక్కడ సాక్షిగా నీది."

పెద్దక్క కాగితం తీసుకుని మెల్లగా చదివింది. గ్లౌజులు ఇచ్చినప్పటికీ వేసుకోకుండా నిర్లక్ష్యంగా పని చేసినందువల్ల, అని ఉంది.

"సార్, గ్లౌజులు రాక నాలుగు నెలలైంది. పోయిన నెల నేనే మూడుసార్లు అడిగాను."

"అది మామూలుగా రాసే మాటేనమ్మా. అందరికీ అలాగే రాస్తాం."

"అందరికీ రాస్తున్నారని తెలుసు సార్. బండి తోసే తాతకి కూడా ఇలాగే రాశారు. సంతకం పెట్టిన వారానికి, జాగ్రత్త లేని మనిషని పనిలోంచి తీసేశారు."

సూపర్‌వైజరు పెన్ను మూత పెట్టేశాడు. "నీకు ఆ అమ్మాయి ప్రాణం ముఖ్యమా, పంతం ముఖ్యమా? సంతకాలు పెట్టి తీసుకురండి, పంపిస్తాను. లేదంటే సోమవారం పై వాళ్ళతో మాట్లాడి చూస్తాను."

బయటికి రాగానే తోడికోడలు చెయ్యి పట్టుకుంది. "అక్కా, పెట్టేద్దాం. పనిపోతే పోయింది. నాకు పాప కావాలి."

"రేపు సాయంత్రం దాకా ఆగు. ఈలోపు ఏ దారీ దొరక్కపోతే నేనే ముందు పెడతాను. ఆ అబద్ధం నా నెత్తిన ఉంటుందిలే."

ఆ మాట అనేసింది గానీ పెద్దక్క మనసు మనసులో లేదు. మందుల గదికి వెళ్ళి బతిమాలింది, ఫారం లేనిదే ఇవ్వం అన్నారు. పెద్దాఫీసుకి తాళం. ఇంటికొచ్చాక గిన్నెలు తోముతూ దేవుడితో పోట్లాట పెట్టుకుంది. అబద్ధ సాక్ష్యం చెప్పొద్దని నువ్వే అంటివి. చెప్తేనే మందు అంటున్నవాడు నీ గుళ్ళో ముందు వరసలో కూర్చుంటాడు. నా నిజాయితీ కోసం ఆ పిల్ల ప్రాణం పణంగా పెట్టమంటావా? ప్రభువా, నాకు ఒళ్ళు మండిపోతోంది, మర్యాదగా ప్రార్థన చెయ్యడం ఇవాళ నావల్ల కాదు. పక్కగదిలో పాప డబ్బా పాలు పట్టక గుక్కపట్టి ఏడుస్తోంది.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పే వేళ వచ్చింది. ఆ భాగం నడిపించేది సంఘపెద్దే. ఒకావిడ మోకాళ్ళ నొప్పులకి, ఒకాయన కొడుకు పరీక్షలకి ప్రార్థించమన్నారు. ఆయన అందరివీ ఓపిగ్గా రాసుకున్నాడు. అప్పుడు, పాపని ఒళ్ళో పెట్టుకున్న తోడికోడలి పక్కనుంచి పెద్దక్క లేచి నిలబడింది.

"మా తోడికోడలి కోసం ప్రార్థించండి. నిన్న పొద్దున పనిలో సూది గుచ్చుకుంది. మంగళవారం పొద్దుటికి గడువు దాటిపోతుంది. ఈలోపు మందు పడాలి. గ్లౌజులు ఇచ్చామని అబద్ధం రాసి, దాని మీద మేం సంతకం పెడితేనే ఫారం పంపుతామంటున్నారు. సంతకం పెట్టాలా వద్దా అని నాకు తెలీడం లేదు. దాని కోసం కూడా ప్రార్థించండి."

సంఘపెద్ద చేతిలో పెన్ను ఆగిపోయింది. "సిస్టర్, ఇది ఆఫీసు విషయం. ఇక్కడ..."

"మోకాళ్ళ నొప్పి చెప్పుకోవచ్చు గానీ, ఇది చెప్పుకోకూడదా బ్రదర్?"

పాస్టరుగారు మధ్యలోకి వచ్చారు. "అమ్మా, ఆరాధన అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం. మనలో మనకి పొరపొచ్చాలు వద్దు."

"తర్వాత అంటే ఎప్పుడు అయ్యగారూ? అయ్యాక ఆయనకి కమిటీ, మీకు ఇంకో ఊళ్ళో కూడిక. పాలకి ఏడ్చే పాపకి తర్వాత అంటే ఏం తెలుస్తుంది?"

ముందు వరసల్లో వాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. వెనక కిటికీ పక్కనుంచి ఒక నర్సు లేచింది. ముప్ఫై ఏళ్ళుగా అదే ఆసుపత్రిలో ఉన్న మనిషి. ఆ చర్చిలో ఆమె గొంతు పాటల్లో తప్ప ఎవరూ విన్నది లేదు.

"నిన్న పొద్దున మొదటి బండి వచ్చింది మా వార్డు నుంచే," అందామె. "వాడిన సూదులు పడేసే డబ్బా నిండిపోయి వారమైంది. కొత్తది పంపలేదు. మా వాళ్ళు ట్రేల్లోనే పెట్టేస్తున్నారు, అక్కణ్ణించి దుప్పట్లలోకి పోతున్నాయి. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను." సంచీ భుజానికి తగిలించుకుంది. "వార్డు నుంచి నేను రిపోర్టు రాస్తే నేరుగా డాక్టరుకి వెళ్తుంది. లాండ్రీ ఫారంతో పని లేదు. నిన్ననే చెయ్యాల్సింది. పదండి."

పాట మొదలుపెట్టమని పాస్టరుగారు సైగ చేశారు. ఆ పాట మధ్యలోంచే ముగ్గురు ఆడవాళ్ళూ, చంకలో పాపా బయటికి నడిచారు. మధ్యాహ్నం రెండు కాకుండానే తోడికోడలు మొదటి మాత్ర మింగింది. నర్సు రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాసింది, గ్లౌజులు లేవన్న ముక్క కూడా. సాక్షి అన్న చోట పెద్దక్క సంతకం పెట్టింది. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టింది.

ఆ వారంలోనే లాండ్రీకి గ్లౌజుల పెట్టెలు దిగాయి. నర్సుకి మాత్రం సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది, సూపర్‌వైజరుకి ఏమీ రాలేదు. పెద్దక్కని ఆవిరి ఇస్త్రీ గదికి మార్చారు. అక్కడ గంట నిలబడితే ఒళ్ళంతా ఉడికిపోతుంది. బండి తాతని మళ్ళీ పనిలోకి పిలవలేదు. ఒక సాయంత్రం పాస్టరుగారు ఇంటికి వచ్చి, "మీరు చెప్పింది నిజమేనమ్మా, చెప్పిన పద్ధతే బాగాలేదు. క్షమించేసి మర్చిపోవాలి," అన్నారు.

"ఆయన వచ్చి తప్పు రాశానని అంటే ఈ క్షణమే క్షమిస్తాను అయ్యగారూ. మర్చిపోవడమంటారా, ఇంకొకరి వేలికి సూది గుచ్చుకునేదాకా మర్చిపొమ్మంటారా?"

పాస్టరుగారు చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

మూడు నెలలకి తోడికోడలి చివరి పరీక్ష కాగితం వచ్చింది. ఏ జబ్బూ లేదని ఉంది. ఆ అమ్మాయి ఆ కాగితాన్ని గుండెలకి అదుముకుని మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. పాప మాత్రం తల్లి పాలు పూర్తిగా మర్చిపోయింది. దగ్గరికి తీసుకుంటే మొహం తిప్పేసుకుంటోంది.

మరుసటి ఆదివారం ప్రభువు బల్ల. మనసులో కోపం ఉంచుకుని ఆ రొట్టె తీసుకోకూడదంటారు. రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల వెంట వస్తున్నది సంఘపెద్దే. పెద్దక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపు పక్కకి తిప్పుకున్నాడు. ఆమె చెయ్యి చాచలేదు, లేచి పోనూ లేదు. ఆయన అలాగే నిలబడాల్సి వచ్చింది. వెనక వరసలో ఎవరో దగ్గారు.

"ఆ తాత ఇంటికి ఒకసారి వెళ్ళి రండి బ్రదర్," అంది ఆమె, ఆయనకి మాత్రమే వినపడేలా.

పళ్ళెం అంచు పట్టుకున్న ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. పెద్దక్క రొట్టె ముక్క తీసుకుని కళ్ళు మూసుకుంది. కోపం ఇంకా అలాగే ఉంది. ఆ కోపంతోనే నోట్లో వేసుకుంది.