పొయ్యి ఆర్పే రోజు

కౌంటు దొర సముద్రం అవతల డచ్చివాళ్ళ దగ్గర నేల తీసుకుంటున్నాడని తెలిసినప్పటి నుంచి, పీపాలు చేసే యోస్ట్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. మైన్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న సంస్థానంలో పొద్దున్నే నడక మొదలుపెడితే, మధ్యాహ్నం భోజనం పక్క దొరగారి ఊళ్ళో చేయొచ్చు. ఉన్న నాలుగూళ్ళనే సరిగ్గా ఏలుకోలేని మనిషి, అమెరికాలో దానికి ముప్పై రెట్ల అడవిని ఏలతాడట! ఆ మాటకి నవ్వనివాడు ఊళ్ళో యోస్ట్ ఒక్కడే. అక్కడ చెరకు పండుతుంది, పంచదార నింపడానికి పీపాలు కావాలి, పీపాలకి తను కావాలి. అన్నం ముందు కూర్చున్నా అదే గొడవ.

వెళ్ళాలంటే ముందు ఊరితో తెగతెంపులు చేసుకోవాలి. ఆ ఊరి ఆచారం ప్రకారం, ఇరుగుపొరుగు సాక్షిగా ఇల్లాలు తన చేత్తో పొయ్యిలో నీళ్ళు పోయాలి. పొగ వచ్చే ఇంటికి యజమాని ఉన్నట్టు, పొగ రాని ఇల్లు ఎవరికైనా ఇచ్చేయొచ్చు. పొయ్యి ఆడదానిది కాబట్టి మగవాడు పోస్తే చెల్లదు. ఒకసారి ఆర్పాక ఇక ఆ ఊళ్ళో మళ్ళీ చోటు దొరకడం కల్ల.

అందుకే ఆ శనివారం అందరి కళ్ళూ యోస్ట్ పెళ్ళాం ఒటీలియా చేతిలోని నీళ్ళ కుండ మీదే ఉన్నాయి. ఆ ఇల్లు ఆమె మేనత్త ఇచ్చింది. నెల రోజులుగా మొగుడు పోరుతుంటే చివరికి సరేనంది గానీ, ఇప్పుడు కుండ వంచకుండా పొయ్యి ముందు నిలబడింది.

"త్వరగా కానియ్యి వదినా, అవతల నా క్యాబేజీ మాడిపోతోంది," అంది సాక్షిగా మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చిన పక్కింటి కునిగుండ.

"నీ కన్ను క్యాబేజీ మీద కాదులే, మా దొడ్డి మీద," అన్నాడు యోస్ట్, తలుపు దగ్గరికీ పొయ్యి దగ్గరికీ తిరుగుతూ.

దొర పంపిన మనిషి ఫాబియన్ టోపీ ఒళ్ళో పెట్టుకుని నవ్వాడు. "భయం దేనికమ్మా? అక్కడ మంచు అనే మాటే లేదు."

"అయ్యా, ఒక్క మాట," అంది ఒటీలియా. "ఆ నేల మీద ఎవరూ లేరా? పొగ రాదా?"

"ఏటి పొడుగునా అక్కడక్కడా వస్తుంది. మన ఓడ కనబడగానే వాళ్ళే పొయ్యిలు ఆర్పేసి అడవిలోకి పారిపోతారు. మనం దిగేసరికి అంతా ఖాళీయే."

"విన్నావుగా!" అన్నాడు యోస్ట్ హుషారుగా. "పొగ లేని ఇల్లు! మన ధర్మం ప్రకారం కూడా తప్పు లేదు."

ఒటీలియాకి అమ్మ గుర్తొచ్చింది. పెద్ద యుద్ధం రోజుల్లో, తను పిల్లగా ఉన్నప్పుడు, గుర్రాల చప్పుడు వినగానే అమ్మ పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించి, తన నోరు మూసి అడవిలోకి లాక్కుపోయింది. పెళ్ళయ్యాక ఆ సంగతి యోస్ట్‌తో ఎన్నడూ అనలేదు. తల్చుకోవడానికే మనసొప్పేది కాదు.

ఆమె కుండ కింద పెట్టేసింది.

"నేను పోయను."

"ఏమే, మతి పోయిందా? అందరి ముందూ నా పరువు తీస్తావా?" అన్నాడు యోస్ట్. "పెళ్ళయినప్పటి నుంచి ఈ ఊళ్ళో నన్ను ఇల్లరికం యోస్ట్ అనే పిలుస్తారు. నాదంటూ ఒక గడప ఉండకూడదా నాకు?"

అతను కుండ లాక్కుని ఒక్క ఊపున పొయ్యిలో కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచింది, తడి బూడిద నేలంతా పాకింది. కునిగుండ మొగుడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

"ఇది చెల్లదయ్యా," అని ఫాబియన్ టోపీ పెట్టుకున్నాడు. "మీ ఆవిడ మనసు మారితే కబురు చెయ్యి."

అతను వెళ్ళాక కూడా యోస్ట్ కుండ వదల్లేదు. ఒటీలియాకి అతని మీద కోపం రాలేదు, జాలేసింది. చేట తెచ్చి బూడిద ఎత్తడం మొదలుపెట్టింది.

"మా అమ్మ కూడా ఇలాగే ఆర్పింది," అంది తలెత్తకుండా. "సైనికులకి భయపడి. అడవిలో దాక్కున్నాం."

యోస్ట్ ఆమె వైపు చూశాడు. "ఎప్పుడూ చెప్పలేదే. తర్వాత?"

"తర్వాతేముంది, చలికాలం వచ్చేసరికి ఉండలేక ఇంటికొచ్చాం. లోపల పొయ్యి వెలుగుతోంది. అక్కడ ఒకాయన పిల్లలకి గంజి పోస్తున్నాడు. ఇల్లు ఖాళీగా ఉందని ఇచ్చారమ్మా, అన్నాడు. చెడ్డవాడేం కాదయ్యా. అచ్చం నీలాగే ఉన్నాడు."