కారుకు వేడి చేసింది

నా కారు దారిలో ఒక్కసారి ఆగినా సరే, పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వేసేస్తానని నా భార్య గీత తేల్చి చెప్పేసింది. పాతకాలపు కార్బురేటర్ బండి అది. నా పానమనుకోండి! గీత ముందే మిర్యాలగూడలో చెల్లెలి గృహప్రవేశానికి వెళ్లిపోయి, నామీద కాపలాకు వాళ్లమ్మను పెట్టింది. సూర్యాపేటలో బయల్దేరి, కోదాడలో అత్తమ్మను ఎక్కించుకున్నాను. పేరు సత్తెమ్మ. ఒళ్లో మజ్జిగ క్యాను.

మే నెల మిట్టమధ్యాహ్నం. హుజూర్‌నగర్ దాకా బండి బంగారంలా వచ్చింది. నేరేడుచర్లలో రైసుమిల్లు ముందు ధాన్యం ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్నాం. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"ఆగిందా అల్లుడా?"

"ఆగలే అత్తమ్మా. జర రెస్టు తీసుకుంటున్నది."

రోగం నాకు తెలుసు. ఇంజన్ వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోతుంది. ఆవిరిని పంపు లాగలేదు, కార్బురేటర్‌కు చుక్క అందదు. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లార్చాలి. అందుకే ప్రతి ఎండాకాలం బండిలో నీళ్ల డబ్బా పెట్టుకుంటాను. ఈసారి అది చూస్తే గీతకు అనుమానం వస్తుందని ఇంట్లోనే వదిలేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

నేను బానెట్ ఎత్తగానే అత్తమ్మ ఇంజన్ మీద చెయ్యిపెట్టి చటుక్కున తీసేసుకుంది.

"అయ్యో పాపం, దీనికి వేడి చేసిందయ్యా!" అంటూ మజ్జిగ క్యాను పట్టుకుని పెట్రోలు ట్యాంకు వైపు నడిచింది.

"అత్తమ్మా! నీకు దండం పెడత, అండ్ల పొయ్యకు!"

"తాగకపోతే వేడి ఎట్ల తగ్గుతది?"

"పైన పట్టేస్తే చాలు! లోపలికొద్దు!"

నడిరోడ్డు మీద క్యాను కోసం ఇద్దరం పెనుగులాడాం. ట్రాక్టర్ల వాళ్లు దిగి మరీ చూశారు. చివరికి నా కొత్త తువ్వాలను మజ్జిగలో ముంచి, పంపుకూ పైపుకూ చుట్టింది. జీలకర్ర వాసన గుప్పుమంది. కాసేపాగి తాళం తిప్పితే బండి గుర్రుమని లేచింది. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

"గీతకు చెప్పకు అత్తమ్మా. నువ్వేమడిగితే గది చేస్త."

"సూద్దాంలే" అంది.

మిర్యాలగూడలో కొత్తింటి గేటు దగ్గరే గీత నిలబడి ఉంది.

"అమ్మా, నిజం చెప్పు. బండి ఆగిందా?"

"ఆగలేదే. మేమే ఆపినం."

"ఎందుకు?"

"అల్లుడు నాకు డ్రైవింగ్ నేర్పుతున్నడు."

గీత మొహం వెలిగిపోయింది. "నిజమేనా? మా అమ్మకు ఎప్పటి కోరికో తెలుసా!"

కాదంటే బండి తూకానికి పోతుంది. అవునన్నాను, ఏం చేయను?

"అయితే గీడ్నే ఒక రౌండు తిప్పించు, నేను సూస్త" అంది గీత.

అత్తమ్మ అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుంది. నేను పక్క సీట్లో కూలబడ్డాను. బండి ఒక్క ఎగురు ఎగిరింది. షామియానా తాళ్లు తెంపుకుని, కుర్చీలను తోసుకుంటూ, బగారన్నం గిన్నెల వైపు దూసుకుపోయింది. వంటవాళ్లు గరిటెలు పారేసి పరుగెత్తారు.

పొద్దుటినుంచి ఆగకు తల్లీ, ఆగకు తల్లీ అని ఆ కారును బతిమాలుకుంటూ వచ్చినవాణ్ని, "ఆగవే! నీ కాళ్లు మొక్కుత, ఆగవే!" అని గొంతు చించుకున్నాను.

ఆగితేనా!