ఒకటో నంబరు సన్నాయి

రెండువేల నాలుగు ఆషాఢంలో తెనాలి బుడే సాహెబ్ మేళం వారి కీబోర్డు మా అంగలకుదురు చర్చికి వచ్చింది. "ఈ నెల పెళ్ళిళ్ళుండవు కదా బాబాయ్, పెట్టెలో పడుకోబెట్టడం దేనికి? మీ పాటలకి వాడుకోండి" అని సాహెబ్ కొడుకు ఇమ్తియాజే తెచ్చి పెట్టాడు.

ముందు బుడే సాహెబ్ సన్నాయి సంగతి చెప్పాలి. ఆయన సంగం జాగర్లమూడిలో ఊదితే కాలువ నీళ్ళు తాళం తప్పకుండా పారేవి. ఒకసారి రేపల్లె పాసింజరు ఆ పాట పూర్తయ్యేదాకా గేటు దగ్గరే నిలబడిపోయింది. సిగ్నల్ ఇవ్వలేదని డ్రైవరు బుకాయించాడనుకోండి. అంతటివాడికి పళ్ళు ఊడాయి. కట్టుడు పళ్ళతో బాపట్ల పెళ్ళికి వెళ్ళాడు. పాట పైస్థాయి అందుకునేసరికి పళ్ళసెట్టు ఎగిరి పెళ్ళికొడుకు ఒళ్ళో పడింది. పెళ్ళికొడుకు అక్షింతలనుకుని కళ్ళకద్దుకున్నాడని నేనంటాను. సాహెబ్ ఒప్పుకోడు.

మర్నాటి నుంచి ఆయన సన్నాయి ముట్టలేదు. అప్పుడు ఇమ్తియాజ్ కీబోర్డులో ఉన్న సన్నాయి మోతను తీసుకుని, కొంత సాగదీసి, కొంత గరుకు కలిపి, అచ్చం తండ్రి సన్నాయిలా మార్చి అందులోనే ఒకటో నంబరులో దాచాడు. పెళ్ళిళ్ళలో కొడుకు అది వాయిస్తుంటే సాహెబ్ పక్కనే మేళం పెద్దగా కూర్చునేవాడు. ఆ మోత ఉంది కనుకే ఆయనకు ఆ చోటు దక్కింది.

ఇక నా ఘనకార్యం. చర్చిలో నేను ముప్పై ఏళ్ళు వాయించిన హార్మోనియాన్ని చెదలు తినేశాయి. మా సండే స్కూలు జ్యోత్స్న టీచరు బటన్లు చూపిస్తుంటే, కీబోర్డులోని ఆర్గాన్‌కి ఆ హార్మోనియం గొంతు తెప్పించాను, తిత్తి రొప్పుతో సహా.

"స్టోర్ నొక్కండి తాతయ్యా. ఖాళీ నంబరు చూసి దాచుకోండి" అని ఆ అమ్మాయి పిల్లల క్లాసుకు వెళ్ళిపోయింది.

మా చర్చివాళ్ళకి పంటలో మొదటి గంప దేవుడిది. మొదటి సొరకాయ, మొదటి కోడిగుడ్డు కూడా ఆయనకే. మరి ఆయన పాటకు వాడే మోతను తీసుకెళ్ళి ఏ ముప్పై ఏడో నంబరులోనో పడేస్తామా? ఒకటి నొక్కాను. తెరమీద ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఎస్ అన్నాను. మళ్ళీ అడిగింది. ఎంత మర్యాద తెలిసిన పెట్టె అనుకుంటూ మళ్ళీ ఎస్ నొక్కాను.

అధికమాసం కూడా దాటి నిజ శ్రావణం వచ్చింది. మొదటి పెళ్ళి రేపల్లెలో. దానికి రెండు రోజుల ముందు ఇమ్తియాజ్ నన్ను తెనాలిలోని వాళ్ళింటికి పిలిపించాడు.

"ఒకటో నంబరు నొక్కితే హార్మోనియం పలుకుతోంది బాబాయ్. నాన్న సన్నాయి ఏది?"

"ఆషాఢానికి పుట్టింటికెళ్ళి ఇంకా రాలేదేమోరా!"

అతను నవ్వలేదు. "ఆ రేపల్లె లక్ష్మీనారాయణ గారి పెళ్ళికి నాన్నే ఊదారంట. ఇప్పుడు కూతురి పెళ్ళికీ అదే సన్నాయి కావాలని పిలిచారు. అది లేకపోతే నాన్న రానంటున్నారు. ఊదనివాడు మేళంలో ఎందుకంటున్నారు."

మంచం మీద సాహెబ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. చేసిందంతా ఒప్పుకున్నాను.

"ఒరే ప్రభుదాసూ! పాసింజర్ని ఆపిన సన్నాయిని వేలితో చంపేశావు కదరా" అన్నాడు సాహెబ్ అటు తిరిగే.

ఇమ్తియాజ్ ఆ సన్నాయి మోతను మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. ఒకటి వినిపించాడు.

"చక్కెర పోశావేంట్రా? నాది సన్నాయి, జిలేబీ కాదు."

గరుకు పెంచాడు.

"ఇది మేకకి జలుబు చేసినట్టుంది."

రెండుసార్లు టీలు అయ్యాయి. చివరికి నేనే నోరు విప్పాను. "మొదట్లో జారడం లేదు ఇమ్తియాజూ."

"ఏంటి జారేది?" సాహెబ్ లేచి కూర్చున్నాడు.

"నువ్వు ప్రతి పాటా కాస్త కిందనుంచి ఎక్కేవాడివి సాయిబూ. సైకిలెక్కే ముందు రెండు గెంతులు గెంతినట్టు."

"నోర్ముయ్! నా స్వరం ఎప్పుడన్నా పక్కకి పోయిందా?"

వంటింట్లోంచి ఆయన భార్య సైదాబీ గొంతు వినిపించింది. "అన్నయ్య చెప్పింది నిజమే. నేను పెళ్ళప్పట్నుంచీ వింటానే ఉన్నా."

ఇమ్తియాజ్ తల దించుకున్నాడు. "పోయినసారి కూడా అది కలిపాను నాన్నా. మీకు చెప్పలేదు."

స్వరం పావు మెట్టు కింద మొదలై పైకి పాకేలా మార్చి వాయించాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అదే సన్నాయి.

"బాబాయ్, మీరు చేతులు వెనక్కి కట్టుకోండి" అని ఇమ్తియాజ్ దాన్ని మూడు నంబర్లలో దాచాడు.

సాహెబ్ మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. తప్పుగా ఊదేవాణ్ణని తెలిశాక ఏ ముఖం పెట్టుకుని రావాలన్నాడు. జనం నవ్వుతారో లేదో చూడటానికైనా రమ్మని నేను దాదాపు మోసుకుంటూ బస్సెక్కించాను.

రేపల్లెలో గట్టిమేళం అన్నారు. ఇమ్తియాజ్ అందుకున్నాడు. సన్నాయి కిందనుంచి జారి పైకెక్కింది. సాహెబ్ కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. తాళి పడ్డాక లక్ష్మీనారాయణ గారు అక్షింతల చేతులతోనే మా దగ్గరికి వచ్చారు.

"అదే సాయిబు గారూ, అదే! నా పెళ్ళిలో ఇది ఎక్కుతుందో లేదోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నానండి. ఎక్కాకే ముడేశాను."

ఆయన వెళ్ళాక సాహెబ్ నా చెవి దగ్గరికి వంగాడు. "అంటే అందరికీ తెలుసా?"

"బాపట్ల దాకా తెలుసు."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కడూ చెప్పలేదేంట్రా?"

"చెప్తే సరిచేసుకుంటావని భయం సాయిబూ."

సాహెబ్ కాసేపు పందిట్లో జనాన్ని చూశాడు. తర్వాత కొడుకు మోకాలి మీద చరిచాడు.

"సౌండు పెంచరా. ఆ చివరోళ్ళకి వినపడటం లేదు."