బొగ్గుతో గీసిన వరాలు

పొయ్యిలో పెట్టేస్తే సరి, ఇది నా మనవరాలు వరాలు ముఖమా, ఈ మిడిగుడ్లేమిటి, ఒక పక్కకి లాక్కుపోయిన ఈ నోరేమిటి, చెంపల మీద బొగ్గు ఇంత కసిగా రుద్దాడేం ఈ పరదేశి, గూడ్సు పెట్టెల మీద నెంబర్లు రాసుకునేవాణ్ణి పిల్ల బొమ్మ వెయ్యమనడం నాదే బుద్ధితక్కువ, ఫొటో తీయిద్దామని అల్లుడు నూకరాజు అంటే ఆయుష్షు తగ్గుతుందని వద్దన్నాను, బొమ్మకైతే దోషం లేదనుకున్నాను, హౌరా బండి ఈపాటికి బిలాస్‌పూర్ దాటిందేమో, పిల్లని కిటికీ పక్కన కూర్చోబెట్టారో లేదో, నూకరాజు మళ్ళీ కట్టుకున్న ఆ కొత్తమ్మ ఒళ్ళో చోటిచ్చిందో లేదో, అయ్యో, చుక్క.

బండెక్కే పిల్లకి బుగ్గన పెట్టాల్సిన కాటుక చుక్క, పొద్దున్న వేలికి తీసిన కాటుక ఈ కాగితం చెంపకి పెట్టేశాను, బొమ్మకి దిష్టి తగలకూడదని, ఇంతలో టాంగా వచ్చిందని నూకరాజు కేకేశాడు, ఉత్త బుగ్గతో వెళ్ళిపోయింది నా పిల్ల, దాని తల్లి, నా కూతురు చిన్నమ్మనీ ఇలాగే టాంగా ఎక్కించి ఆస్పత్రికి పంపాను, రెండ్రోజుల్లో వచ్చేద్దువుగాని అన్నాను, రాలేదు, వరాలుతోనూ అదే అన్నాను, నాన్నతో ఖరగ్‌పూర్ చూసి వచ్చేద్దువుగాని అని, బదిలీ అయిందనీ ఇక అక్కడేననీ చెప్పలేదు, చెబితే ఏడుస్తుందని, అది నవ్వింది, సరే అమ్మమ్మా, జాంకాయలన్నీ నువ్వే తినీకు, నానొచ్చీదాకా నాకూ ఉంచు అంది, బండి కదిలేదాకా నవ్వుతూనే ఉంది.

బొమ్మకి ముక్కాలిపీట మీద కూర్చున్నప్పుడూ నవ్వుతూనే ఉంది కదా, మరి పరదేశికి ఈ ముఖం ఎక్కడ దొరికింది, నువ్వటు తిరుగత్తా, నువ్వు సూస్తే గుంట నవ్వేస్తాది అన్నాడు, చాల్లే నీ వేళాకోళం అని బియ్యం ఏరుకుంటూ అటు తిరిగాను, ఇప్పుడు గుమ్మంలో ఎవరో పిలుస్తున్నారు, ధర్సీవా నుంచి వచ్చే కూరలామె, బుట్ట దించి నా చేతిలో కాగితం చూసి, ఏ దాఈ, నోనీ రోవత్ హే అంటోంది, పిల్ల ఏడుస్తోందట, నవ్వే పిల్లమ్మా అనబోయి కాగితం వెలుగుకి తిప్పాను, పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని, ఏళ్ళ తరబడి ఒళ్ళో పెట్టుకున్న ముఖం చదవలేదు, ఏడుస్తోంది, అటు తిరిగిన నా వీపుని చూసి ఏడుస్తోంది, తెలుసు దానికి, మళ్ళీ రానని, జాంకాయలు తిననని, అంతా తెలిసే, నేను ఏడుస్తానని నవ్వింది.