మింగేసిన తప్పులు

ఆస్పత్రి పై అంతస్తులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మరదలు, కింద ల్యాబ్‌లో టెక్నీషియన్ వదిన. మూడు వారాలుగా కొన్ని రిపోర్టులు డాక్టర్లకు చేరడం లేదు. వదినే పంపలేదని సూపరింటెండెంట్ తేల్చేసి, చేతిలో మెమో పెట్టి, గురువారం సంజాయిషీకి రమ్మన్నారు. ఉద్యోగం ఊడేలా ఉంది.

"పంపానే. నా చేత్తో నొక్కాను. తెర మీద ఏ తప్పూ చూపించలేదు" అంది వదిన.

చూపించదు మరి. కోడ్ నాణ్యత చూసే పరికరం, రిపోర్టులు పంపే ప్రోగ్రాంలో అప్పటికే నలభై ఒక్క చోట్ల ఎర్రగీత పెట్టి ఉంది: "ఇక్కడ తప్పును పట్టుకుని మింగేశారు." ప్రోగ్రాం తడబడితే పట్టుకోవడం, ఎక్కడా రాయకుండా ముందుకు పోవడం. దొంగను పట్టుకుని దొడ్డిదారిన సాగనంపినట్టు. అలా రాసిన మహానుభావులు ఎప్పుడో వేరే కంపెనీలో చేరి హాయిగా ఉన్నారు.

టీమ్ లీడర్ దగ్గర చిట్కా సిద్ధంగా ఉంది. "అన్నిచోట్లా 'ఏదో తప్పు జరిగింది' అని ఒక లైను అతికించమ్మా. ఎరుపు పోయి పచ్చ వస్తుంది. పది నిమిషాల పని."

"వస్తుంది సార్. కానీ ఏం తప్పో ఎవరికి తెలుస్తుంది?"

"పరికరానికి అక్కర్లేదుగా."

"మా వదినకి కావాలి సార్."

నీ ఇష్టం అని ఆయన చేతులెత్తేశాడు. మరదలు రెండు రోజులు కుర్చీ కదలకుండా, తప్పు జరిగితే లాగ్ అనే చిట్టాలో ఇవి పడేలా నలభై ఒక్క చోట్లా రాసింది: చేయబోయిన పని, రిపోర్టు నంబరు, అది ఆగిపోయిన అసలు కారణం. పేషెంట్ల పేర్లు మాత్రం రాయలేదు, అవి లాగ్‌లో ఉండకూడదు. గురువారం పొద్దున్నే ఆగిన రిపోర్టులన్నీ మళ్లీ పంపి చూసింది. లాగ్ నోరు విప్పింది.

"రిపోర్టు 4417 పంపలేదు. వయసు గడిలో '8 నెలలు' అని ఉంది, అంకె మాత్రమే ఉండాలి."

కిందంతా అదే వరస. ఆరు నెలలు, పది నెలలు, మూడు నెలలు. ఆగినవన్నీ చంటిపిల్లలవే. ఆమెకు ఒక్కసారిగా కోపమూ సంతోషమూ ముంచుకొచ్చాయి. కాగితం ప్రింటు తీసుకుని మెట్లు దిగి పరుగెత్తింది.

సూపరింటెండెంట్ కాగితం రెండుసార్లు చదివారు. "అయితే ఈవిడ పంపిందన్నమాట."

"మూడు వారాల్నుంచి అదేగా సార్ చెబుతున్నాను" అంది వదిన.

ఆయన కాస్త ఇబ్బందిగా కదిలి, మెమో చించడానికి చేతిలోకి తీసుకున్నారు.

"చించకండి సార్" అంది వదిన. "తప్పు ప్రోగ్రాంది, నాది కాదని దాని మీదే రాయండి."

ఆయన రాశారు. వదిన చదువుకుని, కాగితం మళ్లీ ఆయన ముందుకు జరిపి, కింద సంతకమూ తేదీ కూడా పెట్టించుకుంది.